పిన్నీసు పెట్టిన చెప్పు

పొద్దున అయిదున్నరకు పుష్పమ్మ సైకిలు గంట మోగితే ఉప్పుగూడ గల్లీ అంతా నిద్ర లేస్తుంది. ఒక్క ఉమాపతి మాత్రం, అప్పటికే లేచి కూర్చున్నవాడు కూడా, గభాలున దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంటాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, కంచన్‌బాగ్‌లో కేంద్ర ప్రభుత్వం వారి ఆఫీసులో గుమాస్తా, ఒక పిల్లకు తండ్రి. పాలామె వస్తే దాక్కుంటాడంటే నవ్వొస్తుంది గానీ, భయం ఎవరినైనా అంత పని చేయిస్తుంది.

దుప్పటి కిందనుంచి అతనికి అన్నీ వినిపిస్తాయి. గేటు గొళ్ళెం తీసిన చప్పుడు. భార్య రాజరాజేశ్వరి గిన్నె పట్టుకుని గడప దగ్గరికి వెళ్ళిన చప్పుడు. పాలు పోసిన చప్పుడు, ఆ తర్వాత కొసరు పోసిన చప్పుడు. అంతటితో అయిపోతే బాగానే ఉండేది. కానీ రాజరాజేశ్వరి కాకినాడ నుంచి వచ్చిన ఆడమనిషి, గడప ముందుకు వచ్చినవాళ్ళను ఊరికే పంపడం చేతకాదు. రోజూ అడుగుతుంది.

"ఉప్మా చేశాను పుష్పమ్మా. రెండు ముద్దలు తిని వెళ్ళరాదూ?"

"ఒద్దమ్మ."

ఆ ఒక్క మాటకు ఉమాపతి దుప్పటి ఇంకాస్త బిగించుకునేవాడు. రెండేళ్ళుగా రోజూ అదే అడగడం, అదే ఒద్దనడం. "ఈమెకింత పట్టుదలేమిటండీ, ఎముకలు లెక్కపెట్టొచ్చు అలా అయిపోతోంది," అని రాజరాజేశ్వరి పాలు పొయ్యి మీద పెడుతూ గొణిగేది. ఉమాపతి ముసుగు తీసేవాడు కాదు.

ఆ పట్టుదల సంగతి గల్లీలో అందరికీ తెలుసు. పుష్పమ్మ మొగుడు మొగులయ్య బతికున్న రోజుల్లో పాలు పోసింది అతనే. గల్లీ చివర వాళ్ళ కొట్టం, ఆరు బర్రెలు. తొంభై ఎనిమిది చలికాలంలో ఒక పొద్దున మొగుడూ పెళ్ళాం లొల్లి పెట్టుకున్నారు. ఒట్టిపోయిన ముసలి బర్రెను మొగులయ్య ఆమెకు చెప్పకుండా ఎవరికో ఇచ్చేస్తానని మాటిచ్చాడట. పుష్పమ్మకు కోపమొచ్చి, "ఇగ నా చేతి కూడు తినకు నువ్వు," అనేసింది. అతను మారు మాట్లాడకుండా పాల క్యాన్లు కట్టుకుని సైకిలెక్కాడు. నోరు జారింది కదా అని ఆమె గుండె ఊరుకోలేదు. జొన్నరొట్టె, ఉల్లికారం డబ్బాలో పెట్టుకుని పరుగున వెళ్ళి హ్యాండిలుకు తగిలించింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అదే ఆఖరు.

ఆ రోజే పదిన్నర ప్రాంతంలో నయాపూల్ దగ్గర, హోటలుకు పాలు పోయబోతూ మొగులయ్య గుండె పట్టుకుని పడిపోయాడు. డబ్బా ఎవరి కాలికి తగిలి ఎటు కొట్టుకుపోయిందో దొరకలేదు. తిన్నాడో, తన మాట పట్టుకుని తినకుండానే పోయాడో పుష్పమ్మకు తెలియలేదు. తెలిసేదాకా పొద్దటిపూట ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకుంది. రాత్రి పాలు పితికాక ఏదో ఇంత తినేది. రెండేళ్ళలో ఆ మనిషి సగమైపోయింది.

తిన్నాడని ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ దుప్పటి కింద ఉన్నాడు.

ఆ రోజు ఉమాపతి సెలవు పెట్టి కూతురు రాగసుధ స్కూలు కాగితం కోసం నయాపూల్ పక్కనే ఉన్న కోర్టుల దగ్గరికి వెళ్ళాడు. అఫిడవిట్ రాయించుకుని వస్తుంటే ఎదురుగా సైకిలు పడింది. పాలు రోడ్డు మీద తెల్లగా పారి అతని చెప్పుల దాకా వచ్చాయి. చూస్తుండగానే జనం గుండ్రంగా మూగారు. అందరికంటే ముందు, మొగులయ్యకు రెండడుగుల దూరంలో ఉన్నది ఉమాపతే. ఎనిమిదేళ్ళు తన గడపలో పాలు పోసిన మనిషిని గుర్తుపట్టకపోవడమేమిటి? మొగులయ్య కూడా అతన్ని గుర్తుపట్టాడు. "సార్," అన్నాడు. "తిన్న అని చెప్పు సార్... పుష్పకు. తిన్న అని చెప్పు."

ఉమాపతి కదల్లేదు. ఇంతమంది ఉన్నారు, ఎవరో ఆటో కోసం వెళ్ళే ఉంటారు అనుకున్నాడు. ఇది మన ఊరు కాదు, ఇక్కడివాళ్ళకు తెలుస్తుంది ఏం చెయ్యాలో అనుకున్నాడు. పోలీసులు సాక్షి అంటారేమో అనుకున్నాడు. పది మందిలో పాము చావదని ఊరికే అన్నారా? అందులోనూ ఇరవై ఏళ్ళ గుమాస్తా బతుకు. ఆఫీసులో ఏ కాగితమైనా బల్ల బల్లకూ తిరుగుతుంది. ప్రతివాడూ 'చూశాను' అని ఇంగ్లీషులో రాసి, కింద పొట్టి సంతకం గీకి పక్కవాడి మీదికి తోస్తాడు. అందరూ చూస్తారు, కాగితం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ పొద్దున మొగులయ్య ప్రాణాన్ని కూడా ముప్పై మంది అలాగే చూసి పక్కవాడి మీదికి తోశారు. పావుగంటకు ఎక్కడో దూరంగా మూటలు మోసుకుంటున్న ఒక హమాలీ పరుగెత్తుకొచ్చి అతన్ని బండి మీద వేసుకుని తోసుకుపోయాడు. పెద్ద దవాఖాన కూతవేటు దూరంలోనే ఉంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

జనం వెనక్కి తిరిగారు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

పాతబస్తీలో అది మామూలే. ఆపదలో ఉన్న మనిషిని నిలబడి చూసి, ఏమీ చెయ్యకుండా వెనక్కి తిరిగితే కాళ్ళు వస్తాయి, చెప్పులు రావు. నేలకు అంటుకుపోతాయి. గునపం పెట్టి పెకిలించినా లాభం లేదు. ఊడ్చేవాళ్ళు వాటి చుట్టూ ఊడ్చుకుని పోతారు, ఎండకూ వానకూ అవే మగ్గి పోవాలి. ఎక్కడైనా యాక్సిడెంట్ అయిందంటే సాయంత్రానికల్లా అక్కడికి చెప్పుల బండి వచ్చి నిలబడుతుంది. పెద్దలు పిల్లలకు చెప్పేది ఒకటే, ఉత్తకాళ్ళతో మాత్రం బజారుకు పోవద్దని. వెనకటికి గౌలీపురాలో పురుషోత్తం అనే ఆయన ఉత్తకాళ్ళతో నిలబడి ఎవరినో కొడుతుంటే చూసి, కాళ్ళే నేలకు అంటుకుని మూడు రోజులు అక్కడే ఉండిపోయాడట. ఇంటినుంచి అన్నం తెచ్చి పెట్టారట.

నయాపూల్ దగ్గర ఆ చెప్పులు గుండ్రంగా, మొనలన్నీ లోపలికి తిరిగి నిలబడి ఉన్నాయి. మనుషులు పోయినా చూడ్డం మానని చెప్పులు. అన్నిటికంటే ముందున్నవి ఉమాపతివి, నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమదానికి పట్టీ ఊడిపోకుండా అడుగున పిన్నీసు పెట్టి ఉంటుంది. ఆ పిన్నీసు మొగులయ్యదే. ఒక పొద్దున గడప దగ్గర ఉమాపతి చెప్పు తెగితే, గుండీ లేని తన చొక్కాకు పెట్టుకున్న పిన్నీసు తీసి, కింద కూర్చుని, తనే పెట్టిచ్చాడు. "ఆఫీసుకు టైమైతుంది గద సార్," అన్నాడు.

పుష్పమ్మ ఇప్పుడు ఆ హోటలుకే పాలు పోస్తోంది. రోజూ ఆ చెప్పుల పక్కనుంచే నడుస్తోంది. ఆమె చూసిందా? చూస్తే గుర్తుపట్టిందా? తిన్నాడన్న మాట చెప్పాలంటే, అక్కడ ఉన్నానని చెప్పాలి. ఉండి ఏం చేశావు సార్ అంటే ఏం చెబుతాడు? ఉమాపతి ప్రాణం ఈ ప్రశ్నల మధ్య నలిగి నలిగి నూలుపోగైపోయింది. ఇంటికి ఉత్తకాళ్ళతో వచ్చిన రోజు బస్సులో మరిచిపోయానని భార్యకు చెప్పాడు. రాజరాజేశ్వరి అతని కాళ్ళు చూసింది, మొహం చూసింది, కొత్త జత తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఆ తర్వాత రెండేళ్ళలో అలాంటి జతలు ఇంకో నాలుగు తెచ్చింది. ఒకటి బస్సులో జేబుదొంగ ఒక ముసలాయనను తోసిన రోజు పోయింది. ఇంకోటి చంద్రాయణగుట్ట దగ్గర స్కూటరు జారిన రోజు. మిగతావి చెప్పుకోకపోవడమే మంచిది.

రెండువేల సంవత్సరం మార్చిలో ఆఫీసులో సేఫ్టీ వారం వచ్చింది. ఫణికుమార్ అని కొత్తగా చేరిన కుర్ర ఆఫీసరు, చదువు ఇంకా తల నుంచి దిగనివాడు, ఒక పాఠం రాసుకొచ్చి కాపీలు తియ్యడానికి టైపు మిషను మీద స్టెన్సిల్ కొట్టమని ఉమాపతికి ఇచ్చాడు. ప్రమాదం జరిగితే చుట్టూ ఉన్నవాళ్ళు ఎందుకు కదలరు, కదలాలంటే ఇంట్లో ఏమేం అభ్యాసాలు చెయ్యాలి అని. మొదటి వాక్యం కొట్టి ఉమాపతి ఆగిపోయాడు. ఎంతమంది ఉంటే అంత తక్కువ సాయం అందుతుంది, ఎందుకంటే ప్రతివాడూ ఇంకొకడు ఉన్నాడనుకుంటాడు. అతను చుట్టూ చూశాడు, తన గురించే రాశారని ఎవరైనా కనిపెట్టారేమోనని. ఎవరూ కనిపెట్టలేదు. కాగితం బల్ల బల్లకూ తిరిగి వచ్చింది. అందరూ 'చూశాను' అని రాశారు.

ఉమాపతి మాత్రం ఒక కాపీ మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం మేడ మీద అభ్యాసం మొదలైంది. గుంపులో 'ఎవరైనా రండి' అని అరవకూడదట, ఎవరూ రారట. ఒక్క మనిషిని ఎంచుకుని, చొక్కా రంగు పెట్టి పిలిచి, వేలు చూపించి, ఒకే ఒక్క పని చెప్పాలట. మేడ మీద మనుషులెక్కడ? ఉతికి ఆరేసిన బట్టలున్నాయి. ఉమాపతి తాడు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నీలం చొక్కా! నువ్వే. వెళ్ళి ఆటో తీసుకురా," అన్నాడు. గొంతు పిల్లి కూత లాగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. "పచ్చ చీరా! నువ్వు నీళ్ళు తీసుకురా." వెనకనుంచి రాజరాజేశ్వరి బకెట్టుతో వచ్చి అంతా వింది. "ఆ పచ్చ చీర నాదే, నేను తెస్తానులెండి," అని మాత్రం అంది. వెక్కిరించలేదు. రెండేళ్ళ తర్వాత మొగుడి నోటి నుంచి గట్టిగా ఒక మాట రావడం ఆమెకు ఎంతో బాగనిపించింది.

రోజుకొక కొత్త మనిషిని 'ఏమైనా సాయం కావాలా' అని అడగాలన్నది ఇంకో అభ్యాసం. మొదటిరోజు బస్‌స్టాపులో పడుకున్న ఒకాయనను తట్టి అడిగితే, మంచి నిద్ర పాడు చేశావని ఆయన ఏడు తరాలకు సరిపడా తిట్టాడు. ఉమాపతి మూడు రోజులు మంచమెక్కినంత పని చేశాడు. నాలుగోరోజు మళ్ళీ అడిగాడు. జల్‌పల్లి నుంచి వచ్చే ఒక ముసలమ్మ మూట బస్సులోకి ఎక్కించాడు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, తింటుంటే పుష్పమ్మ గుర్తొచ్చి చెయ్యి కడిగేసుకున్నాడు.

అన్నిటికంటే కష్టమైనది ఆఖరుది. ఏం చెయ్యాలో తెలియకపోయినా సరే, మనసులో మూడు లెక్కపెట్టే లోపల ఒక్క అడుగు ముందుకు వెయ్యాలి. ఉమాపతి రోజూ గడప దగ్గర, పుష్పమ్మ గంట వినబడగానే, లెక్కపెట్టేవాడు. ఒకటి. రెండు. మూడు. మూడు అయ్యేసరికి కాళ్ళు దుప్పటి వైపే నడిచేవి.

ఇక్కడే అతను తెలివి తక్కువ పని ఒకటి చేశాడు. జూన్‌లో అయిదో జత కూడా పోయి ఉత్తకాళ్ళతో వస్తుంటే సాయంత్రం పాలు పోస్తూ పుష్పమ్మ ఎదురుపడింది. అతని కాళ్ళ వంక చూసింది, చాలాసేపు చూసింది. ఆ చూపు తప్పించుకుని ఉమాపతి ఇంట్లోకి దూరాడు. మర్నాడే వెళ్ళి పత్తర్‌గట్టీలో తాళ్ళు కట్టుకునే తోలు బూట్లు కొన్నాడు. జారిపోని చెప్పు ఉంటే కదా ఎవరికీ తెలియకుండా ఉండేది! "చెప్పులు పోతే పోనివ్వండి, మనిషి ఇంటికి వస్తున్నాడు కదా. ఆ పురుషోత్తం సంగతి మరిచిపోయారా?" అని రాజరాజేశ్వరి మొత్తుకుంది. వింటేనా? ఎక్కడైనా జనం మూగితే మొహం తిప్పుకుని పక్క సందులో నుంచి పోతానన్నాడు. తాళ్ళు రెండు ముడులు వేసి మరీ బిగించుకున్నాడు.

ఆగస్టులో వాన పట్టుకుంది. రెండు రోజులు ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. రెండో రోజు మధ్యాహ్నమే ఆఫీసు వదిలేశారు. ఉమాపతి బస్సు దిగి గల్లీ మొదటికి వచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. నీళ్ళు పోవాలని గల్లీ వాళ్ళే పొద్దున మ్యాన్‌హోల్ మూత తీసి, తెలియడానికి ఒక పాత చీపురు నిలబెట్టారు. ప్రతి వానకూ చేసే పనే. ఈసారి చీపురు కొట్టుకుపోయింది. మళ్ళీ ఎవరో పెట్టే ఉంటారని ప్రతివాడూ అనుకున్నాడు.

ఎదురుగా పుష్పమ్మ సైకిలు తోసుకుంటూ వస్తోంది. వానలో కూడా పాలు ఆపదు. ఉమాపతి అలవాటుగా తల దించుకున్నాడు. తల ఎత్తేసరికి ఆమె లేదు. రెండు పాల క్యాన్లు నీళ్ళ మీద తేలుతున్నాయి.

అందరూ ఒక్కసారిగా కేక పెట్టారు. సైకిలు మ్యాన్‌హోల్‌కు అడ్డంగా పడింది, పుష్పమ్మ దాని కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. నీళ్ళ పైన తలా, రెండు చేతులూ మాత్రమే కనిపిస్తున్నాయి. కింద నీళ్ళు చీర పట్టుకుని గుంజుతున్నాయి. గుంజినప్పుడల్లా సైకిలు ఇంచీ ఇంచీ జరుగుతోంది. అరుగుల మీదా, కొట్ల ముందూ నలభై మంది ఉన్నారు. "ఎవరన్నా పట్టుకోండ్రా!" అని అరుస్తున్నారు. నలభై మందీ అదే అరుస్తున్నారు.

దాచడమెందుకు, ఉమాపతి మొదట చేసింది వెనక్కి తిరగడమే. నడుం తిరిగింది గానీ కాళ్ళు తిరగలేదు. బూట్లు నీళ్ళ అడుగున నేలను కరచుకుని ఉన్నాయి. గుంజాడు. రాలేదు. వంగి నీళ్ళలో చేతులు పెట్టి తాళ్ళు విప్పబోయాడు. నానిన ముడులు రాయి అయిపోయాయి. ఇంకో పక్క నీళ్ళు తొడల మీదికి వస్తున్నాయి. ఇక్కడే ఉంటే నేనూ పోతాను అనుకున్నాడు. జీవితంలో అంత భయం అతనెప్పుడూ పడలేదు, దుప్పటి కింద కూడా పడలేదు.

పుష్పమ్మ కళ్ళు జనం మీద ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి అతని మీద ఆగాయి.

"సార్," అంది.

అదే మాట. అదే చూపు. ఇక పోవడానికి చోటు లేదు, చూడకుండా ఉండడానికీ వీల్లేదు. ఉమాపతి చెయ్యెత్తాడు. కళ్ళ ముందు మేడ మీది తాడు కనబడింది, దాని మీద ఆరేసిన బట్టలు కనబడ్డాయి. ఎదురుగా కిరాణా కొట్టు మెట్టు మీద కొట్టు వేణుగోపాల్ నిలబడి ఉన్నాడు. అతనిది నీలం చొక్కానే.

"నీలం చొక్కా!" అని ఉమాపతి గావుకేక పెట్టాడు. "వేణూ, నువ్వే. కొట్లో బియ్యం బస్తాలు కట్టే తాడుంది. పట్టుకురా."

వేణుగోపాల్ ఉలిక్కిపడి, తననేనా అని గుండె మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు. "నువ్వే!" అన్నాడు ఉమాపతి. అతను లోపలికి పరుగెత్తాడు. అటు పక్క ఆటో ఆపుకుని నిలబడ్డ డ్రైవరుకు వేలు చూపించి, వచ్చీరాని హిందీలో, "ఖాకీ చొక్కా భాయ్, ఆప్, ఆప్ హీ. సైకిల్ పకడో!" అన్నాడు. "గళ్ళ లుంగీ, నువ్వు వెనకనుంచి నా నడుం పట్టుకో." పిలిచిన ప్రతివాడూ, తను అక్కడ ఉన్నట్టు అప్పుడే తెలిసినవాడిలా, దబదబా నీళ్ళలోకి దిగాడు. ఒక్కడి చెప్పు కూడా నేలను అంటుకోలేదు.

ఇక మిగిలింది తను. ఒకటి అనుకున్నాడు. రెండు అనుకున్నాడు. మూడు రాకముందే కుడి కాలు ముందుకు లాగాడు. వెన్నలోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది. ఇన్నేళ్ళూ పాతబస్తీలో అందరూ వెనక్కే గుంజుకున్నారు, ముందుకు గుంజి చూసినవాడు లేడు.

మోకాళ్ళ మీద పడి ఆమె మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఎముక చేతికి తగిలింది. తినని పొద్దులన్నీ ఆ ఎముకలో ఉన్నాయి. "ఇడువకు సార్," అంది పుష్పమ్మ, మొహంలో మొహం పెట్టి. విడువలేదు. ఆటో భాయ్ సైకిలు పట్టాడు, వేణుగోపాల్ తాడు వేశాడు, అయిదుగురు కలిసి లాగుతుంటే మిగతావాళ్ళూ దిగి తాడందుకున్నారు. ఆమె బయటికి వచ్చి, రోడ్డు మీద కూర్చుని దగ్గి, క్యాన్లు ఎటుపోయాయని అడిగింది. నీళ్ళు తగ్గాక చూస్తే గల్లీలో నేలకు అంటుకుని ఒక్క జత కూడా మిగల్లేదు. చెప్పుల బండివాడు వచ్చి, చూసి, బేరం లేక వెళ్ళిపోయాడు.

గల్లీలో ఉమాపతిని మెచ్చుకోనివాడు లేడు. రాజరాజేశ్వరి దిష్టి తీసింది. అతనికి మాత్రం ఆ రెండు రోజులూ నిద్ర లేదు. చెయ్యి పట్టుకుని లాగినవాడికి నోరు తెరిచి చెప్పడం ఎందుకు రాలేదు? చెప్తే ఆమె ఏమంటుందో? ఇప్పుడు దేవుడిలా చూస్తున్న మనిషి, అప్పుడెలా చూస్తుందో? నీళ్ళలో పడ్డ భయం నీళ్ళతో పోయింది గానీ, ఇది పోలేదు.

మూడో రోజు పొద్దున సైకిలు గంట మోగింది. ఉమాపతి దుప్పటి పక్కకు తోసి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పుష్పమ్మ మోచేతికి పసుపు రాసుకుని ఉంది. గిన్నెలో పాలు పోసింది, కొసరు పోసింది. తర్వాత సంచిలోంచి పేపరు చుట్టిన పొట్లం తీసి మెట్టు మీద పెట్టి విప్పింది. ఎండకు రంగు పోయిన నీలం పట్టీల చెప్పులు. ఎడమదాని అడుగున పిన్నీసు తుప్పు పట్టి ఉంది.

"నిన్న హోటల్ల పాలు పొయ్య పోయిన," అంది. "రెండేండ్ల సంది రోజు గుంజి చూస్తున్న, కదలలే. నిన్న ముట్టంగనే ఊడొచ్చినయ్."

రాజరాజేశ్వరి చెప్పుల వంకా మొగుడి వంకా చూసి, గిన్నె కింద పెట్టేసింది. ఉమాపతి పిన్నీసు వంక చూశాడు. ఒకటి, అనుకున్నాడు. రెండు.

"అవి నావే పుష్పమ్మా," అన్నాడు. "నేనక్కడే ఉన్నాను. అందరికంటే దగ్గరగా ఉన్నాను. చూస్తూ నిలబడ్డాను."

"ఎరికె సార్. ఆయన చొక్కా పిన్నీసు నేను గుర్తువట్టనా?" ఆమె గొంతులో కోపం లేదు, ఉంటేనే నయమనిపించింది అతనికి. "మీ అంతల మీరే చెప్తరని చూసిన. రోజు గంట గొట్టుకుంట మీ గడపల నిలవడ్డ. ఏమన్న అన్నడా సార్?"

"తిన్నానని చెప్పమన్నాడు." ఉమాపతి ఒక అడుగు ముందుకు వేశాడు. "'తిన్న అని చెప్పు సార్ పుష్పకు' అన్నాడు. రెండుసార్లు అన్నాడు."

పుష్పమ్మ సైకిలు గోడకు ఆనించింది. మెట్టు మీద కూర్చుంది. పాల కోసం పక్కింటివాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు గానీ ఎవరూ పిలవలేదు. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత కొంగు తీసి ఉమాపతిని సూటిగా చూసింది.

"రెండేండ్లు, సార్," అంది.

అతను తల దించలేదు. దించితే మళ్ళీ దుప్పటి కిందికి పోయినట్టే. ఆ చూపును అలాగే నిలబడి మొహం మీద పడనిచ్చాడు, క్షమించమని కూడా అడగలేదు. అడగడానికి తనెవరు?

పుష్పమ్మ కళ్ళు తుడుచుకుని రాజరాజేశ్వరి వైపు తిరిగింది.

"ఏం చేసినవమ్మ ఇయ్యాల?"

"ఉప్మా," అంది రాజరాజేశ్వరి.

"రెండు ముద్దలు పెట్టు."

రాజరాజేశ్వరి పరుగున వెళ్ళి పళ్ళెం నిండా తెచ్చింది. పుష్పమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చేతిలోకి ఇంత తీసుకుని, కాసేపు దాని వంక చూసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"ఉప్పు తక్కువైందమ్మ," అంది.

రాజరాజేశ్వరి లేవబోయింది. అప్పటికే ఉమాపతి ఉత్తకాళ్ళతో వంటింట్లోకి పరుగెత్తుతున్నాడు.